నాంచారమ్మ గారి బాప్తిస్మం రద్దు

"నా బాప్తిస్మం తీసెయ్యి అల్లుడూ," అంది నాంచారమ్మ.

పాస్టర్ జక్రయ్య అప్పుడే గోంగూర కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది లోపలికి పోవాలో బయటికి రావాలో తేల్చుకోలేక గొంతులో ఆగింది.

"తీసెయ్యడానికి అదేమన్నా కరెంటు మీటరా అత్తయ్యా?"

"ఏమో, నాకేం తెలుసు? పెట్టేవాడివి నువ్వే కదా, తీసేవాడివీ నువ్వే అయ్యుండాలి."

"నీకిచ్చింది నేను కాదుగా. అప్పటి పాస్టర్ గారు."

"ఆయన పోయాడు. ఆయన కుర్చీలో నువ్వు కూర్చున్నావు. తియ్యి."

జక్రయ్య భార్య జయకుమారి నీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది. "తాగు బావా. అమ్మ ఇంకా మొదలే పెట్టలేదు," అంది.

నాంచారమ్మ జక్రయ్యకి అత్తగారే కాదు, సొంత మేనత్త. చిన్నప్పుడు చెవి మెలిపెట్టిన చెయ్యి అది. అందుకే సంఘంలో అందరూ 'అయ్యగారూ' అని పిలిచే జక్రయ్యని ఆమె ఒక్కతే 'ఒరేయ్' కి ఒక్క మెట్టు పైన ఉంచి మాట్లాడుతుంది.

"మీ మావయ్య పోయి వారమైంది," అంది ఆమె నెమ్మదిగా. "బాప్తిస్మం లేకుండా పోయాడు. నీ లెక్క ప్రకారం నరకంలో ఉన్నాడు. అవునా?"

జక్రయ్య నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగాడు.

"తువ్వాలు భుజం మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి. ఒక్కడే అక్కడెలా ఉంటాడు? నేనేమో పరలోకంలో బంగారు వీధుల్లో తిరుగుతుంటాను. అక్కడ ఏడుపే ఉండదని నువ్వే చెప్పావు. ఏడవట్లేదంటే ఆయన్ని మర్చిపోయాననేగా? ఆ బతుకు నాకొద్దు. నేనూ ఆయన దగ్గరికే పోతా. దానికి అడ్డం నా బాప్తిస్మమే. తీసెయ్యి."

ఇందులో తప్పెక్కడుందో వెతికాడు జక్రయ్య. దొరకలేదు. దొరకదని అతనికి తెలుసు, ఎందుకంటే ఈ తర్కమంతా అతని ప్రసంగాల్లోంచి ఊడబీకిన ఇటుకలతో కట్టింది. ఆమె చేసిందల్లా వాటిని వరసగా పేర్చడమే.

"ఆదివారం ఆదరణ కూడికలో సాక్ష్యం చెప్పమన్నావుగా," అంది లేస్తూ. "ఈలోపు నువ్వు తీస్తే సరే. లేకపోతే మైకు పట్టుకుని నేనే అందరి ముందూ వదిలేసుకుంటా."

మనిషి పోయాక ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టే కూడిక అది. నాలుగూళ్ల వాళ్లు వస్తారు. ఫ్లెక్సీ కట్టేశారు, కోడికూరకి చెప్పేశారు. అందులో పాస్టరు అత్తగారు మైకులో విశ్వాసం వదిలేసుకుంటుంది!

ఆదివారానికి మూడు రోజులుంది.

*

జక్రయ్యని జనం వెనకాల 'నరకం జక్రయ్య' అంటారు. ముందు అనరు, కానీ పొన్నూరు కూడిక వాళ్లు ఒకసారి పొరపాటున కరపత్రంలోనే అచ్చేశారు. అతను పైకి కోప్పడ్డాడు. లోపల మురిసిపోయి నాలుగు కరపత్రాలు దాచుకున్నాడు.

ప్రేమ గురించి చెప్పేవాళ్లు మండలానికి పదిమంది ఉంటారు. నరకం గురించి అతనిలా చెప్పేవాడు ఒంగోలు నుంచి గుంటూరు దాకా లేడు. "రెంటచింతల మే నెల ఎండ తీసుకోండి. దాన్ని ఏడు రెట్లు చెయ్యండి. మిరపకాయల కొట్టానికి నిప్పంటుకుంది, తలుపు బయట గడియ పెట్టుంది, మీరు లోపలున్నారు!" అనేసరికి జనం దగ్గడం మొదలుపెడతారు. వెనక మిక్సరు దగ్గర సౌండు సిస్టం మీరా హుస్సేన్ 'నరకం', 'పాతాళం' అన్న మాట వినపడగానే ఒక మీట నొక్కుతాడు. మంటల చిటపటలు, దూరంగా కేకలు, మాటకి మూడు ప్రతిధ్వనులు. వాడరేవు సభలో ఇంకో అడుగు ముందుకేసి, వేదిక వెనక నిజంగానే అరకిలో ఎండుమిరపకాయలు కాల్పించాడు జక్రయ్య. గాలి తిరిగింది. గాయక బృందం చీర చెంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు పరిగెత్తింది. మారుమనసు పొందినవాళ్లు ఎవరూ లేరు గానీ, కళ్లనీళ్లు పెట్టుకోనివాళ్లూ లేరు.

ఆ నరకంలోకి ఇప్పుడు సొంత మావయ్యే వెళ్లి కూర్చున్నాడు.

రాఘవులు మంచి రైతు. మిరప, పత్తి. నాంచారమ్మ, ఆమె అన్న, అంటే జక్రయ్య తండ్రి, ఒకే రోజు కాలువలో మునిగి విశ్వాసులయ్యారు. రాఘవులు మాత్రం "కాయలమ్ముకున్నాక చూద్దాం" అన్నాడు. ఆ మాట నలభై పంటలు దాటింది. ఒక ఏడు ధర లేదు, ఒక ఏడు బొబ్బర తెగులు, ఒక ఏడు ధర బాగుండి మనిషి నేల మీద నిలవలేదు. ఆదివారం భార్యని చర్చి దాకా దింపేవాడు, లోపలికి రాడు, ప్రహరీ గోడ మీద స్పీకరు పెట్టె పక్కన కూర్చునేవాడు. అలా కూర్చుని కూర్చుని కుడి చెవి పోయింది. డాక్టరు శబ్దం వల్లే అన్నాడు. ఆ శబ్దం ఎవరిదో జక్రయ్య డాక్టరుకి చెప్పలేదు.

పోయిన నెలలో ఆ రాఘవులే వచ్చాడు. "అల్లుడూ, ఈ ఏడు కాయ తొందరగా అమ్ముడైంది. మునుగుతా," అన్నాడు.

జక్రయ్యకి కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత బుర్ర పనిచేసింది. పనిచెయ్యకపోయినా బాగుండేది.

అతని సంఘంలో ఒక నియమం ఉంది. బాప్తిస్మం పారే నీళ్లలోనే ఇవ్వాలి. ఆ నియమం గ్రంథంలో లేదు, జక్రయ్య పెట్టాడు. కారణం, పక్కవీధి పాస్టరు అనిల్ కుమార్ తన చర్చిలో పలకరాళ్లు పరిచి నీళ్ల తొట్టి కట్టించుకున్నాడు. జక్రయ్యకి తొట్టి లేదు. లేనివాడు సిద్ధాంతం కడతాడు. సాగర్ కాలువేమో ఏప్రిల్‌లో ఎండిపోయి ఉంది. పంట ఉన్నప్పుడు నీళ్లుంటాయి, తీరిక ఉండదు. తీరిక దొరికేసరికి నీళ్లు కట్టేస్తారు. ఈ నేల మీద మిరప రైతు మునగాలంటే ఉన్న చిక్కే అది.

"ఆగస్టులో కాలువ వదులుతారు మావయ్యా. అప్పుడు ఘనంగా చేద్దాం. డ్రోన్ పెట్టిస్తా," అన్నాడు.

"అనిల్ కుమార్ గారి తొట్టి ఉందిగా?"

"తొట్టిలో మునిగితే అది స్నానం మావయ్యా, బాప్తిస్మం కాదు."

రాఘవులు ఎడమ చెవి తిప్పి ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. సరేనని తలూపాడు. నలభై ఏళ్లు ఆగినవాడికి నాలుగు నెలలు లెక్కా? మే నెల ఎండలో పత్తికట్టె పీకించి ఇంటికొచ్చి, అరుగు మీద పడుకుని, మళ్లీ లేవలేదు.

పాతిపెట్టిన మూడో రోజున కాలువలో నీళ్లొచ్చాయి. తాగునీటి చెరువులు నింపడానికి వదిలారట. గట్టు మీద నిలబడి పారే నీళ్లని చూస్తూ జక్రయ్య, దేవుడికి హాస్యం తెలుసని తన ప్రసంగాల్లో ఎప్పుడూ చెప్పనందుకు చింతించాడు.

*

"బావా, నేనొకటి చెప్తా విను," అంది జయకుమారి, అత్తాఅల్లుళ్ల సమావేశం ముగిశాక. "నాన్న పరలోకంలో ఉన్నాడని చెప్పావనుకో, అమ్మ నమ్మదు. నీ వీడియోలన్నీ ఆమె ఫోన్‌లో ఉన్నాయి. నరకంలో ఉన్నాడని చెప్పావనుకో, ఆమె వెంట నేనూ పోతా."

"నరకానికా?"

"ముందు పుట్టింటికి. తర్వాత సంగతి తర్వాత."

జక్రయ్య ఆ సాయంత్రమే బైబిలు ముందేసుకున్నాడు. మావయ్యని బయటికి లాగే వాక్యం కావాలి. ఇన్నేళ్లూ అందర్నీ లోపలికి తోసే వాక్యాలే వెతికాడు కాబట్టి, అటువైపు పేజీలు కొత్త నోట్లలా అంటుకుని ఉన్నాయి. చివరికి పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఆగాడు. క్రీస్తు చనిపోయి, ఆత్మగా వెళ్లి, చెరలో ఉన్న ఆత్మలకి ప్రకటించాడట. ఎవరా ఆత్మలు? నోవహు కాలంలో మాట వినక జలప్రళయంలో పోయినవాళ్లు. ఆ వెంటనే ఆ నీళ్లు బాప్తిస్మానికి గుర్తు అని ఉంది.

జక్రయ్య ఆ వరస కింద గీత గీశాడు. వాళ్లు నీళ్లెక్కువై పోయారు. మావయ్య నీళ్లు చాలక పోయాడు. కేసు అదే!

ఈ వాక్యం ఇన్నేళ్లు ఎలా కనపడలేదు? కనపడింది. అర్థం కాక దాటేశాడు. రైలు చిన్న స్టేషను దాటినట్టు, ఈల వేసి మరీ దాటేశాడు.

మర్నాడు పొద్దున్నే సిగ్గు విడిచి అనిల్ కుమార్‌కి ఫోన్ చేశాడు.

"బ్రదర్, చెరలో ఉన్న ఆత్మలు అంటే ఎవరంటారు?"

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది. "ఎవరైనా అడిగారా బ్రదర్?"

"అడిగారు."

"ప్రార్థించి చెప్తానని చెప్పండి. ఈలోపు వాళ్లు మర్చిపోతారు. నేను పదేళ్లుగా అదే చేస్తున్నా."

"అడిగింది మా అత్తయ్య."

"అయ్యో," అన్నాడు అనిల్ కుమార్, మనస్ఫూర్తిగా. "అయితే గుంటూరు వెళ్లండి. ఎలీషా గారు ఇంకా ఉన్నారు."

*

ఎలీషా గారు వేదాంత కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎనభై దాటాయి. చిలకలూరిపేటలో బస్సు మారి, జక్రయ్య ఆయన ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తి మీదుంది. ఆయన కూలరు ముందు బనీనుతో కూర్చుని జామకాయ కోసుకుంటున్నాడు.

"జక్రయ్యవా? నరకం జక్రయ్యవా?"

"అలా అంటారండి."

"కూర్చో. నీ నరకం ఒకటి చూశాను ఫోన్‌లో. బాగుంది. వంటల ప్రోగ్రాములా ఉంది."

జక్రయ్య సంగతంతా చెప్పాడు. కాలువ, తొట్టి, డ్రోన్ దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు. ఎలీషా గారు నవ్వలేదు. నవ్వితే బాగుండు అనిపించింది.

"మొదట నీ పులిహోర విడదీద్దాం," అన్నాడాయన జామకాయ ముక్క అందిస్తూ. "పాతాళం వేరు, అగ్నిగుండం వేరు. పాతవాళ్ల లెక్కలో పాతాళమంటే చచ్చినవాళ్లందరూ ఉండే చోటు. మంచివాళ్లూ అక్కడే, చెడ్డవాళ్లూ అక్కడే. చీకటి, దుమ్ము, చప్పుడు లేదు. నిప్పు సంగతి తర్వాతొచ్చింది. నువ్వు రెండూ కలిపి, పైన మిరపకాయలు వేయించావు."

"తాలింపుకండి," అన్నాడు జక్రయ్య దీనంగా.

"ఇప్పుడు నీ వాక్యం. శుక్రవారం చనిపోయాడు, ఆదివారం లేచాడు. మధ్యలో శనివారం ఏం చేశాడు? మొదటి శతాబ్దాల విశ్వాసులు అది అడిగారు. నువ్వెప్పుడైనా అడిగావా?"

"శనివారం మాకు సౌండు సిస్టం సర్దుకునే రోజండి."

"కిందికి దిగాడన్నారు వాళ్లు. పాతాళం తలుపులు విరగ్గొట్టి లోపలికెళ్లాడని పాటలు కట్టుకున్నారు. మరి ఎవర్ని తీసుకొచ్చాడు? అక్కడొచ్చింది తగువు. ఎదురుచూసిన పితరుల్ని మాత్రమే అన్నారు కొందరు. విన్నవాళ్లందర్నీ అన్నారు ఇంకొందరు. అపొస్తలులు కూడా చచ్చాక దిగి, అక్కడివాళ్లకి అక్కడే బాప్తిస్మం ఇచ్చారని రాసినవాళ్లూ ఉన్నారు."

జక్రయ్య కుర్చీ అంచుకి జరిగాడు. "అదండి! అది చాలండి! పాతాళంలో బాప్తిస్మం!"

"ఆగవయ్యా. తర్వాత ఆఫ్రికాలో ఒక పెద్ద బిషప్పు వచ్చి, అసలిది పాతాళం గురించే కాదన్నాడు. నోవహు నోటి ద్వారా క్రీస్తు ఆత్మే ఆనాటి వాళ్లకి ప్రకటించింది, అంతే అన్నాడు. ఇప్పటి పండితులు కొందరు ఆ ఆత్మలు మనుషులు కాదు, పడిపోయిన దూతలు అంటున్నారు."

జక్రయ్య మళ్లీ వెనక్కి జరిగాడు. మావయ్య గడప దాకా వచ్చి లోపలికి జారిపోయినట్టనిపించింది. "ఇందులో ఏది నిజమండి?"

"తెలీదు."

"మీక్కూడానా?"

"జర్మనీలో ఐదొందల ఏళ్ల కిందట ఒక మహా వ్యాఖ్యాత ఈ వాక్యం దగ్గర కలం ఆపి, పేతురు ఏమంటున్నాడో నాకు ఖాయంగా తెలీదు అని రాశాడు. బైబిలంతా నమిలినవాడు. ఆ మాట నీ నోట ఎప్పుడైనా వచ్చిందా?"

జక్రయ్య ఆలోచించాడు. నరకం వేడి చెప్పాడు, లోతు చెప్పాడు, వాసన చెప్పాడు. సింగరాయకొండలో ఒకసారి అక్కడి పురుగుల సైజు కూడా వేలితో చూపించాడు. ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ రాలేదు.

వెళ్లబోతుంటే గోడ మీద పటం చూపించాడు ఎలీషా గారు. తూర్పు దేశాల సంఘాలు ఈస్టరుకి వేసుకునే బొమ్మట. కాళ్ల కింద రెండు విరిగిన తలుపులు, చుట్టూ చెల్లాచెదురుగా తాళాలు. క్రీస్తు వంగి, గోతిలోంచి ఒక ముసలాయన్ని పైకి లాగుతున్నాడు. ఆదాము.

"సరిగ్గా చూడు. చెయ్యి ఎక్కడ పట్టుకున్నాడు?"

జక్రయ్య దగ్గరికెళ్లి చూశాడు. చేతిలో చెయ్యి లేదు. మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

ఎలీషా గారు ఏదో చెప్పబోయాడు. అవసరం లేకపోయింది. ఆ పట్టు జక్రయ్యకి తెలుసు. కాలువలో మనిషిని ముంచేటప్పుడు అతను పట్టుకునేది అక్కడే. నీళ్లలో భయపడ్డవాడు నీ చెయ్యి వదిలేస్తాడు. మణికట్టు పట్టుకుంటే వాడు వదిలినా నువ్వు వదలవు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పేట దాకా తన కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని చూసుకుంటూ వచ్చాడు. పక్క సీటాయన, నాడి కొట్టుకోవట్లేదా అని అడిగాడు.

*

ఆదివారం సాయంత్రం ఎండ దిగాక కాలువ గట్టు పక్కన షామియానా కింద కూడిక మొదలైంది. ఫ్లెక్సీలో రాఘవులు పెళ్లిఫొటో నుంచి కత్తిరించిన ముఖంతో చూస్తున్నాడు. భుజం మీద తువ్వాలు మాత్రం ఫొటో స్టూడియో వాళ్లు అతికించింది. అనిల్ కుమార్ కూడా వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. ప్రార్థించడానికో, ప్రమాదం చూడ్డానికో తెలీదు.

నాంచారమ్మ ముందు వరసలో తెల్లచీరతో నిటారుగా కూర్చుంది. కార్యక్రమంలో ముందు వాక్యం, తర్వాత సాక్ష్యం. అంటే జక్రయ్యకి ఉన్నది ఒక్క ప్రసంగం.

లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"క్రీస్తు సిలువ మీద చనిపోయాక ఎక్కడికెళ్లాడు?" అని మొదలుపెట్టాడు. జనం మైకు వైపు వంగారు. ఇది కొత్తగా ఉంది. "మొదటి విశ్వాసులు ఏమన్నారంటే, ఆయన పాతాళానికి..."

మీరా హుస్సేన్ పన్నెండేళ్లుగా జక్రయ్యతో తిరుగుతున్నాడు. ఆ మాట చెవిన పడితే అతని వేలు అతన్ని అడగదు.

*పాతాళానికి... ళానికి... ళానికి...* భగ్గున మంటలు. చిటపటలు. దూరంగా ఎవరో "కాపాడండీ" అని కేక. షామియానా కింద సగంమంది అలవాటు కొద్దీ దగ్గారు. నాంచారమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఫ్లెక్సీలో రాఘవులు ఆ మంటల మధ్య నిలబడి చూస్తున్నట్టే ఉంది.

"ఆపు!" అని అరిచాడు జక్రయ్య. *ఆపు... పు... పు...* అంది నరకం.

మీరా హుస్సేన్ గాభరాలో ఏ మీట నొక్కాలో తెలియక ప్లగ్గే పీకేశాడు. మంటలు ఆగాయి. మైకూ ఆగింది, ఫ్యాన్లూ ఆగాయి. ఒక్కసారిగా కాలువ పారే చప్పుడు వినపడింది. అది ఇందాకటి నుంచీ ఉంది, ఎవరికీ వినపడలేదంతే.

జక్రయ్య చచ్చిన మైకు కింద పెట్టాడు. వేదిక దిగి అత్తగారి ముందుకొచ్చాడు. మైకు లేకుండా మాట్లాడి ఎన్నేళ్లయిందో, తన గొంతు తనకే ఎవరో పక్కింటివాడిదిలా అనిపించింది.

"అత్తయ్యా, ఇన్నాళ్లూ మీ అందరికీ చెప్పిన నరకంలో సగం గ్రంథంలోది. మిగతా సగం నాదీ మీరా హుస్సేన్‌దీ," అన్నాడు.

వెనక నుంచి "నన్నెందుకు అయ్యగారూ మధ్యలో?" అన్నాడు మీరా హుస్సేన్. ఎవరో నవ్వారు.

"మీ మావయ్య ఎక్కడున్నాడు?" అంది నాంచారమ్మ. ఆమెకి మిగతాదేదీ అక్కర్లేదు.

జక్రయ్య నోరు తెరిచాడు. రెంటచింతల నాలుక చివరికొచ్చింది. బంగారు వీధులూ వచ్చాయి. రెండింటినీ మింగాడు.

"తెలీదత్తయ్యా."

షామియానా కింద చిన్న కలకలం. నరకం జక్రయ్యకి తెలీదట!

"మరి తెలిసిందేంటి?"

"ఆ చోటు ఎక్కడున్నా, దానికి దారి తెలిసినవాడొకడు ఉన్నాడని తెలుసు. ఒకసారి అక్కడికి దిగి వెళ్లొచ్చాడని పేతురు రాశాడు. నోవహు చెప్పింది వినక, నీళ్లొచ్చి మునిగిపోయిన వాళ్ల దగ్గరికే వెళ్లాడట. వాళ్లు మాట విననివాళ్లు. మావయ్య విన్నాడు. మునుగుతానని వచ్చాడు. ఆపింది నేను. విననివాళ్ల కోసమే దిగినవాడు, విన్నవాణ్ణి వదిలేసి వస్తాడని నేను చెప్పలేను. వదలడని రాసిచ్చేంత చదువూ నాకు లేదు. పెద్దపెద్దవాళ్లే అక్కడ కలం ఆపేశారు."

అతను వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "కానీ ఆయన పట్టుకునేది ఇలాగట. పాతకాలం వాళ్లు బొమ్మ వేసుకున్నారు. చెయ్యి కాదు, ఇక్కడ. మనిషి వదిలేసినా ఊడదు."

నాంచారమ్మ తన మణికట్టు వైపు చూసుకుంది. పెళ్లినాటి గాజులు తీసేసిన చోట చర్మం పాలిపోయి ఉంది.

"ఈ మాట ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"ఆ పేజీ దాటేసేవాణ్ణి."

"ఎందుకూ?"

"అర్థం కాక."

"అర్థమైనట్టు అరిచినవన్నీ అర్థమయ్యే అరిచావా?"

మూడో వరసలో అనిల్ కుమార్ తల దించుకుని బూట్లు పరీక్షించుకున్నాడు. అతనికీ ఆ ప్రశ్న తగిలినట్టుంది.

జయకుమారి తల్లి చెవిలో, "సాక్ష్యం చెప్తావా అమ్మా?" అంది.

నాంచారమ్మ లేచి జనం వైపు తిరిగింది. కొంగు సర్దుకుంది.

"నేనివాళ ఇంకోటి చెబుదామని వచ్చా," అంది. "అది ఇప్పుడు చెప్పను. మా అల్లుడు మొదటిసారి నాకు అర్థమయ్యేలా మాట్లాడాడు, చెడగొట్టడం ఎందుకు? నా బాప్తిస్మం ఉండనీ. కానీ అల్లుడూ, ఇకనించి ఎవడైనా మునుగుతానని వస్తే, కాలువ లేదు, కాకరకాయ లేదు అన్నావంటే ఊరుకోను."

"అనిల్ కుమార్ గారి తొట్టి ఉందిగా అత్తయ్యా," అన్నాడు జక్రయ్య. అంటూనే మూడో వరస వైపు చూశాడు. "ఇస్తారు కదా బ్రదర్?"

"ముందు ఫోన్ చేసి రండి," అన్నాడు అనిల్ కుమార్. "నీళ్లు మార్చాలి."

మీరా హుస్సేన్ ప్లగ్గు పెట్టాడు. ఫ్యాన్లు తిరిగాయి. వెనక కోడికూర మూత తీసిన వాసన రావడంతో జనం ముగింపు ప్రార్థనకి తొందరగా తలలు వంచారు. జక్రయ్య ప్రార్థన అంటే పలావు చల్లారే దాకా సాగుతుందని వాళ్ల భయం.

అతను కళ్లు మూసుకోబోతుండగా నాంచారమ్మ చొక్కా పట్టి లాగింది.

"అల్లుడూ, ఆయన మీ మావయ్యని పిలుస్తాడా, ఊరికే లాగుతాడా?"

"పిలుస్తాడనే అనుకుంటా."

"అయితే ఎడమ వైపు నుంచి పిలవమని చెప్పు. కుడి చెవి వినపడదుగా."

మీరా హుస్సేన్ మైకు తెచ్చి అందించాడు. జక్రయ్య దాన్ని చూశాడు, వద్దని తలూపాడు. కళ్లు మూసుకున్నాడు. పక్కనున్న ఇద్దరికి మాత్రమే వినపడేంత గొంతుతో, తన జీవితంలోకెల్లా చిన్న ప్రార్థన చేశాడు.

"ప్రభువా, ఎడమ వైపు నుంచి."

"ఆమెన్," అంది నాంచారమ్మ గట్టిగా.